పిల్లలతో ఫైర్ స్టేషన్‌కు: హక్కులు, నియమాలు, తరచూ అడిగే ప్రశ్నలు

ఇల్లు అంటుకున్నప్పుడు చిన్నపిల్లలు చాలాసార్లు బయటికి పరుగెత్తరు. మంచం కిందో, బీరువా వెనకో, బాత్రూంలోనో దాక్కుంటారు. అగ్గిపుల్ల గీసింది తామే అయితే తిడతారన్న భయం కొద్దీ ఇంకా గట్టిగా నక్కుతారు. అలాంటి వేళ పొగలోంచి హెల్మెట్‌తో, ముఖమంతా కప్పేసిన మాస్కుతో, వీపున సిలిండర్‌తో, బుసబుసమని ఊపిరి తీస్తూ ఒక ఆకారం వస్తే, వచ్చింది తనను కాపాడే మనిషని ఐదేళ్ల బిడ్డకు ఎలా తెలుస్తుంది? పేరు పెట్టి పిలిచినా పలకదు. ఆ మాస్కు వెనక ఉండేది మామూలు మనిషేనని ముందే ఒకసారి చూసి ఉండటం బిడ్డ ప్రాణానికి అక్కరకొచ్చే సంగతి. ఫైర్ స్టేషన్ సందర్శన గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం అదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రాథమిక పాఠశాలల టీచర్లకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు, తల్లిదండ్రులకు వచ్చే సందేహాలివి.

ఫైర్ స్టేషన్ చూసే హక్కు పిల్లలకు ఉందా? అధికారి కుదరదంటే ఏం చేయాలి?

అలాంటి హక్కు చట్టంలో లేదు. ఫైర్ స్టేషన్ ఇరవై నాలుగు గంటలూ కాల్ కోసం కాచుకుని ఉండే చోటు. ఎవరిని, ఎప్పుడు లోపలికి రానివ్వాలో స్టేషన్ ఫైర్ ఆఫీసర్ నిర్ణయిస్తారు. సిబ్బంది తక్కువున్నా, బండి మరమ్మతులో ఉన్నా, జాతరకో బహిరంగ సభకో స్టాండ్‌బైగా వెళ్లాల్సి వచ్చినా ఆయన కుదరదనే అంటారు. అనాలి కూడా. అయితే జనానికి, అందులోనూ విద్యార్థులకు అగ్ని ప్రమాదాల మీద అవగాహన కల్పించడం రెండు రాష్ట్రాల విపత్తు స్పందన, అగ్నిమాపక శాఖలు చేసే పనుల్లో ఒకటి. ముందుగా, మర్యాదగా అడిగితే సాధారణంగా కాదనరు. అప్పటికీ వీలు పడకపోతే వాళ్లనే మీ బడికి రమ్మనండి. మూడు నాలుగేళ్ల అంగన్‌వాడీ పిల్లలకైతే అదే మేలని నా అభిప్రాయం. తెలిసిన చోట, తెలిసిన ఆయా పక్కన కూర్చుని చూస్తే కొత్త మనిషి భయం సగం తగ్గుతుంది.

అనుమతి ఎవరిని అడగాలి?

స్టేషన్ ఫైర్ ఆఫీసర్ పేరున ప్రధానోపాధ్యాయుల సంతకంతో ఒక ఉత్తరం రాసి, రెండు వారాల ముందే స్వయంగా వెళ్లి ఇవ్వండి. ఎంతమంది పిల్లలు, ఏ వయసు, వెంట వచ్చే పెద్దలెందరు, ఎలా వస్తారు, ఎవరి ఫోన్‌కు కబురు చేయాలి అన్నవి అందులో ఉండాలి. ఉబ్బసం, మూర్ఛ ఉన్న పిల్లలుంటే, పెద్ద శబ్దాలకు తట్టుకోలేని పిల్లలుంటే ఆ మాట కూడా రాయండి. పేర్లు అక్కర్లేదు. పై అధికారి అనుమతి కావాలని స్టేషన్‌లో అంటే ఉత్తరం జిల్లా అగ్నిమాపక అధికారికి వెళ్తుంది.

ఇటు విద్యాశాఖ వైపు, ప్రభుత్వ బడి అయితే మండల విద్యాధికారికి రాతపూర్వకంగా తెలియజేయకుండా పిల్లల్ని బయటికి తీసుకెళ్లవద్దు. అంగన్‌వాడీ అయితే సూపర్‌వైజర్‌కు చెప్పాలి. ఉత్తరం ఇవ్వడానికి వెళ్లినప్పుడు టీచరు స్టేషన్ అంతా ఒకసారి తిరిగి చూసి రావాలి. బండ్లు ఏ వైపు నుంచి బయటికి వెళ్తాయి, పిల్లల్ని ఎక్కడ నిలబెట్టొచ్చు, నీళ్ల సంపు మీద మూత ఉందా, ఆడపిల్లలు వాడుకోదగ్గ బాత్రూం ఉందా అన్నవి ఆ రోజే తేల్చుకోవాలి.

ఏ నెలలో వెళ్తే మంచిది?

చాలా బడులు ఏప్రిల్ 14 నుంచి 20 వరకు జరిగే అగ్నిమాపక వారోత్సవాల్లో వెళ్లాలనుకుంటాయి. ఆ వారం స్టేషన్లు అందంగా ముస్తాబై ఉంటాయి, ప్రదర్శనలు ఉంటాయి, నిజమే. కానీ మన దగ్గర అప్పటికి ఒంటిపూట బడులు, పరీక్షలు, మండుటెండలు. గడ్డివాములు, పూరిళ్లు అంటుకునే కాలం అదే కాబట్టి స్టేషన్‌కు ఊపిరి సలపనన్ని కాల్స్ వస్తుంటాయి. చిన్నపిల్లల సందర్శనకు నేనైతే దసరా సెలవులకు ముందు రోజులు ఎంచుకుంటాను. తర్వాత కొద్ది వారాల్లోనే దీపావళి వస్తుంది. కాకరపువ్వొత్తి చేతపట్టేనాటికి స్టేషన్‌లో విన్న మాటలు పిల్లలకు ఇంకా గుర్తుంటాయి. నో బ్యాగ్ డే శనివారం అయితే పాఠాలకూ ఇబ్బంది ఉండదు. పొద్దున పది గంటల వేళ, గంటకు మించకుండా చూసి వస్తే ఆరేళ్ల పిల్లలకు చాలు.

సందర్శనకు డబ్బు కట్టాలా? కట్టలేని పిల్లల్ని బడిలోనే ఉంచేయొచ్చా?

స్టేషన్ చూపించినందుకు డబ్బు కట్టాల్సిన పని సాధారణంగా ఉండదు. ఎవరైనా అడిగితే రసీదు అడగండి. ఖర్చంతా బస్సుకూ తినుబండారాలకే.

ఆ ఖర్చు కట్టలేదని ఒక బిడ్డను తరగతిలో ఒంటరిగా కూర్చోబెట్టి మిగతా వాళ్లను తీసుకెళ్లడం మాత్రం చెల్లదు. బలహీన వర్గాల, అణగారిన వర్గాల పిల్లల పట్ల వివక్ష ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ప్రైవేటు బడుల్లో 25 శాతం కోటా కింద చేరిన పిల్లల విషయంలో 2010 నాటి కేంద్ర నియమాలు మరీ స్పష్టంగా ఉన్నాయి. పుస్తకాలు, యూనిఫాం, లైబ్రరీతో పాటు పాఠ్యేతర కార్యక్రమాల్లోనూ వాళ్లను వేరుగా చూడకూడదు. అన్నిటికన్నా తేలికైన మార్గం ఒకటుంది. చాలా ఊళ్లలో స్టేషన్ నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంటుంది. ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని, ముందొక టీచరు, వెనకొక టీచరు, రోడ్డు దాటేచోట ఒక పోలీసు ఉంటే ఎవరి దగ్గరా పైసా వసూలు చేయక్కర్లేదు.

‘ఏం జరిగినా బడికి బాధ్యత లేదు’ అన్న కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. పెడితే నా హక్కు పోతుందా?

పోదు. సమ్మతి పత్రం అంటే, మీ బిడ్డ ఎక్కడికి, ఎప్పుడు, ఎవరితో వెళ్తోందో మీకు తెలుసనీ మీరు ఒప్పుకున్నారనీ రుజువు, అంతే. బడి నిర్లక్ష్యం వల్ల బిడ్డకు హాని జరిగితే ఆ ఒక్క వాక్యం చూపించి తప్పించుకోవడానికి వీల్లేదు. బాలల న్యాయ చట్టం 2015లోని 75వ సెక్షన్, పిల్లల బాధ్యత చేతిలో ఉన్నవాళ్లు వాళ్లకు బాధ కలిగేలా కావాలని నిర్లక్ష్యం చేస్తే మూడేళ్ల వరకు జైలు శిక్ష చెబుతుంది. పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థను నడిపేవారో అందులో పనిచేసేవారో అలా చేస్తే శిక్ష ఐదేళ్ల వరకు, జరిమానా ఐదు లక్షల రూపాయల వరకు పెరుగుతుంది. బడిలోనూ, బడి తరఫున బయట ఉన్నప్పుడూ పిల్లల భద్రతకు ఎవరు జవాబుదారీ అన్నది తేల్చుతూ కేంద్ర విద్యాశాఖ 2021లో ప్రత్యేకంగా మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

ఆ వాక్యం కొట్టేసి సంతకం పెట్టండి. దాని బదులు బిడ్డకు ఉన్న అలర్జీలు, వాడుతున్న మందులు, అత్యవసరంగా ఫోన్ చేయాల్సిన రెండు నంబర్లు రాసివ్వండి. బడికి నిజంగా పనికొచ్చేవి అవి. పంపడం ఇష్టం లేకపోతే పంపవద్దు. అందుకు బిడ్డ హాజరు తగ్గించడం, మార్కులు తీసేయడం కుదరదు.

బస్సు, ఆటోల విషయంలో ఏం చూసుకోవాలి?

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే క్రాసింగ్‌లో స్కూలు బస్సును రైలు ఢీకొట్టింది. ఆ పొద్దున బడికని బయల్దేరిన పిల్లలు ఎందరో తిరిగి రాలేదు. ఆ ఊరి పేరు గుర్తున్నవాళ్లెవరూ ‘దగ్గరే కదా, ఆటోలో సర్దేద్దాం’ అనరు. బస్సుకు ఫిట్‌నెస్, బీమా కాగితాలు, ప్రథమ చికిత్స పెట్టె, పనిచేసే మంటలార్పే సిలిండర్, డ్రైవరు కాక ఇంకో సహాయకుడు ఉండాలి. ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి, తిరిగి ఎక్కేముందు ఇంకోసారి పిల్లల్ని పేరుపేరునా పిలిచి లెక్క చూసుకోవాలి. తలలు లెక్కపెడితే చాలదు. ఒక బిడ్డ తగ్గి పక్క తరగతి బిడ్డ కలిసినా లెక్క సరిపోతుంది.

ఎంతమంది పెద్దలు వెంట ఉండాలి?

విద్యాహక్కు చట్టంలోని ముప్పై మందికి ఒక టీచరు అన్న లెక్క తరగతి గదికి సంబంధించింది. బయట అది సరిపోదు. ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఎనిమిది పది మందికి ఒక పెద్ద ఉండాలన్నది నా సలహా. వాళ్లలో మహిళలు తప్పనిసరి. తల్లులు వస్తామంటే సంతోషంగా రానివ్వండి. ఎవరి సొంత బిడ్డ గుంపులో వాళ్లను పెట్టకపోతే అందరినీ సమానంగా చూసుకుంటారు. బాత్రూంకు వెళ్లే బిడ్డ వెంట బడి మనిషే వెళ్లాలి. స్టేషన్ సిబ్బందితో సహా కొత్తవాళ్లెవరితోనూ ఏ బిడ్డా ఒంటరిగా ఉండకూడదన్నది ముందే అందరికీ చెప్పుకోవాల్సిన నియమం. దీన్ని ఎవరూ అవమానంగా తీసుకోనక్కర్లేదు.

మా పాప చక్రాల కుర్చీలో ఉంటుంది. మా బాబుకు ఆటిజం, సైరన్ వింటే చెవులు మూసుకుని ఏడుస్తాడు. ‘వద్దులెండి, ఇంట్లోనే ఉంచండి’ అంటున్నారు.

అలా అనే హక్కు బడికి లేదు. చదువులోనూ ఆటపాటల్లోనూ మిగతా పిల్లలతో సమానంగా అవకాశం ఇవ్వాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్‌లో ఉంది. చాలా స్టేషన్లలో ఫైరింజన్లు నిలిపే చోటు నేల మట్టంగానే ఉంటుంది కాబట్టి చక్రాల కుర్చీకి పెద్దగా అడ్డు ఉండదు. బస్సులోకి ఎక్కించడం ఎలా అన్నదే ముందుగా ఆలోచించుకోవాలి. సైరన్ సంగతి ఇంకా సులువు. మోగించవద్దని ముందే అడగొచ్చు. మోగిస్తే ‘ఇప్పుడు మోగుతుంది’ అని చెప్పి, దూరం నుంచి, రెండు మూడు క్షణాలే మోగించమనొచ్చు. చెవులకు పెట్టుకునే మఫ్స్ ఉంటే తెచ్చుకోండి. నిజం చెప్పాలంటే హఠాత్తుగా మోగే సైరన్‌కు అందరు చిన్నపిల్లలూ బెదురుతారు. ఒక బిడ్డ కోసం తీసుకున్న జాగ్రత్త తరగతి మొత్తానికీ పనికొస్తుంది.

మేం అక్కడ ఉండగానే కాల్ వస్తే?

రావచ్చు. దానికి సిద్ధపడి వెళ్లడం పెద్దల బాధ్యత.

గంట మోగిన క్షణం నుంచి ఆ స్టేషన్ ఆపదలో ఉన్నవాళ్లది. సిబ్బంది మాట మధ్యలో ఆపేసి పరుగెత్తుతారు, నిమిషం తిరక్కుండా బండి బయటికి దూసుకెళ్తుంది. ఒక వాటర్ టెండర్‌లో నాలుగున్నర వేల లీటర్ల నీళ్లుంటాయి. అంటే నీళ్ల బరువే నాలుగున్నర టన్నులు. దాని ముందు అడ్డంగా పరుగెత్తిన బిడ్డ ఎత్తైన సీట్లో కూర్చున్న డ్రైవర్‌కు కనిపించకపోవచ్చు. అందుకే స్టేషన్‌లో అడుగుపెట్టగానే మొదటి పని, ‘గంట మోగితే మనం నిలబడాల్సిన చోటు ఇదీ’ అని పిల్లలకు చూపించడం. అది బండి దారికి దూరంగా గోడవారగా ఉండాలి. రెండుసార్లు ఆటలాగా ఆడించండి. టీచరు చప్పట్లు కొడితే అందరూ ఆ గోడ దగ్గరికి చేరి, వీపు గోడకు ఆనించి, పక్కవాళ్ల చెయ్యి పట్టుకోవాలి. బండి వెళ్లి, గేటు దగ్గర సందడి ఆగేదాకా ఎవరూ కదలకూడదు. స్టేషన్ గేటుకు అడ్డంగా మీ బస్సు నిలపకూడదని వేరే చెప్పాలా?

బండి వెళ్లాక సందర్శన అయిపోయినట్టే అనుకోండి. వాళ్లు గంటలో రావచ్చు, సాయంత్రానికీ రాకపోవచ్చు. వచ్చినా అలసి, మసి కొట్టుకుని, ఒక్కోసారి చూడకూడనివి చూసి వస్తారు. వాళ్ల కోసం ఎదురుచూసి మిగిలిన ప్రదర్శన చేయించుకోవడం భావ్యం కాదు. ఇంకో తేదీ అడగండి. పిల్లలు నిరాశ పడతారేమోనని బెంగ పెట్టుకోకండి. కాల్ రాగానే అంతా వదిలేసి పరుగెత్తిన మనుషుల్ని వాళ్లు కళ్లారా చూశారు.

మాస్కు, పెద్ద కోటు చూసి పిల్లలు భయపడితే?

సందర్శన మొత్తంలో దీనికే ఎక్కువ సమయం ఇవ్వండి. సిబ్బందిలో ఒకరు మామూలు దుస్తుల్లో పిల్లల ముందు నేల మీద కూర్చుని, తన పేరు, తన ఊరు, తనకెంతమంది పిల్లలో చెప్పాలి. తర్వాత వాళ్ల ఎదుటే ఒక్కొక్కటీ తొడుక్కోవాలి. ముందు బూట్లు, తర్వాత కోటు, తర్వాత వీపు మీద సిలిండర్, ఆఖరున మాస్కు, హెల్మెట్. ఒక్కోటి వేసుకున్నాక ‘నేనెవర్ని?’ అని అడిగితే పిల్లలు ఆయన పేరే చెబుతారు. మాస్కు వేసుకున్నాక మాట మారుతుంది, ఊపిరి చప్పుడు పెద్దగా వినిపిస్తుంది. అప్పుడు మోకాళ్ల మీద వంగి, మెల్లగా పాకుతూ వాళ్ల వైపు రావాలి. ఎందుకంటే పొగ నిండిన గదిలో ఆయన నిజంగా అలాగే వస్తారు. పిల్లలు ‘అంకుల్, నేనిక్కడ!’ అని అరిచి చెయ్యి ఊపాలి. ఈ ఒక్కటి నేర్చుకుని వస్తే మిగతాదంతా చూడకపోయినా ఫర్వాలేదు.

ఏ బిడ్డ చేతా బలవంతంగా మాస్కు ముట్టించవద్దు, ఎత్తుకుని దగ్గరికి తీసుకెళ్లవద్దు. ఏడిస్తే టీచరు ఆ బిడ్డతో దూరంగా కూర్చుని చూడనివ్వాలి. ఆ సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ అని పెద్దలు కూడా చెబుతుంటారు. అందులో ఉండేది మనం పీల్చే గాలే, ఒత్తిడితో నింపుతారు. పిల్లలకు సరిగ్గానే చెప్పండి. తర్వాత ఇంటికి వెళ్లి వాళ్లే పదిమందికి చెబుతారు.

ఫైరింజన్ ఎక్కొచ్చా? నీళ్ల పైపు పట్టుకోవచ్చా? మంట పెట్టి ఆర్పి చూపిస్తారా?

ఆగి ఉన్న బండిని అధికారి సరేనంటే, ఒక్కొక్కరుగా, సిబ్బంది చెయ్యి పట్టుకుని ఎక్కి చూసి దిగొచ్చు. నడుస్తున్న ఫైరింజన్‌లో పిల్లల్ని తిప్పమని అడగవద్దు, తిప్పుతామన్నా ఒప్పుకోవద్దు. పెద్ద హోస్ పైపులో పంపు ఒత్తిడితో నీళ్లు వచ్చేటప్పుడు పెద్దవాళ్లే కాళ్లు నిలదొక్కుకోవాలి. పిల్లలకు చిన్న రీల్ పైపు, తక్కువ ఒత్తిడి, నాజిల్ మీద ఎప్పుడూ సిబ్బంది చెయ్యి. నీళ్లు పడ్డ నేల జారుతుంది కనుక చెప్పుల కన్నా బూట్లు మంచివి.

మంట పెట్టి ఆర్పే ప్రదర్శన ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు వద్దని నా గట్టి అభిప్రాయం. ట్రేలో నూనె పోసి అంటించి, పౌడర్ సిలిండర్‌తో క్షణంలో ఆర్పితే పెద్ద పిల్లలకు పాఠం అవుతుంది. చిన్నవాళ్ల మనసులో నిలిచేది మంట ఎగసిపడిన దృశ్యం. పైగా ‘మనమే ఆర్పేయొచ్చు’ అన్న ధైర్యం వస్తుంది. వాళ్లు చేయాల్సింది ఆర్పడం కాదు, బయటికి వచ్చి పెద్దవాళ్లకు చెప్పడం. పెద్ద తరగతులకు చూపిస్తే గాలి ఎటు నుంచి వీస్తోందో చూసి ఆ వైపునే నిలబెట్టండి. ఆ పౌడర్ ఉబ్బసం ఉన్నవాళ్లకు పడదు.

ఇంతకీ పిల్లలకు ఏం నేర్పమని అడగాలి?

తక్కువ విషయాలు, చేసి చూపించేవి. బట్టలు అంటుకుంటే పరుగెత్తకూడదు. ఆగి, నేల మీద పడుకుని, ముఖం చేతులతో కప్పుకుని దొర్లాలి. పొగ పైకి పోతుంది కాబట్టి కింద పాకుతూ బయటికి రావాలి. బయటికి వచ్చాక బొమ్మ కోసమో కుక్కపిల్ల కోసమో మళ్లీ లోపలికి వెళ్లకూడదు. గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు ముట్టకుండా బయటికి వచ్చి పెద్దవాళ్లను పిలవాలి. వంటగ్యాస్ గాలి కన్నా బరువు కాబట్టి కిందనే పరుచుకుని ఉంటుందని తల్లులకు కూడా చెప్పమనండి. ఫిర్యాదుకు 1906 నంబరుంది. చెయ్యి కాలితే ఇరవై నిమిషాలు కొళాయి నీళ్ల కింద పెట్టాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయకూడదు. మన ఇళ్లలో ఇప్పటికీ పూస్తున్నారు.

నంబర్లు రెండే చాలు. మంటలకు 101, ఏ ఆపదకైనా 112. నంబరు తెలిసినంత మాత్రాన పని జరగదు, ఇల్లెక్కడో చెప్పగలగాలి. మన ఊళ్లలో డోర్ నంబరు కన్నా ‘రామాలయం వెనక సందు, నీళ్ల ట్యాంకు పక్కన’ అంటేనే బండి తొందరగా చేరుతుంది. ప్రతి బిడ్డ చేతా తన ఇంటి గుర్తు చెప్పించమని సిబ్బందిని అడగండి.

సందర్శన అయ్యాక మావాడు ఇంట్లోంచి 101కి ఉత్తుత్తి ఫోన్ చేశాడు. కేసు పెడతారా?

ఏడేళ్ల లోపు బిడ్డ చేసింది ఏదీ నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్ చెబుతుంది. ఏడు దాటి పన్నెండు నిండని పిల్లల విషయంలో, చేసిన పని ఏమిటో గ్రహించే పరిణతి వాళ్లకు లేకపోతే అది నేరం కాదని 21వ సెక్షన్. మీరు మాత్రం వెంటనే అదే నంబరుకు ఫోన్ చేసి, పొరపాటున వచ్చిన కాల్ అని చెప్పండి. దాచిపెడితే బయల్దేరిన బండి మీ వీధి చుట్టూ తిరుగుతుంది, అదే సమయానికి ఇంకో ఇల్లు కాలుతూ ఉండొచ్చు. పిల్లవాణ్ని కొట్టవద్దు. నిజంగా అవసరమైన రోజున ఫోన్ ముట్టడానికి భయపడతాడు.

ఫొటోలు తీసి గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పెట్టొచ్చా?

తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి లేకుండా పెట్టవద్దు. దశలవారీగా అమలుకు వస్తున్న 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. సమ్మతి ఉన్నా బిడ్డ పేరు, తరగతి, వీధి కలిపి రాయకండి. ఏడుస్తున్న బిడ్డ ఫొటో ఎవరూ పెట్టకూడదు. స్టేషన్ లోపల ఫొటోలకు అక్కడి అధికారి అనుమతి వేరుగా కావాలి.

సిబ్బందితో ఎలా మసలుకోవాలో పిల్లలకు ఏం చెప్పాలి?

‘ఎంతమంది చనిపోగా చూశారు?’ అని పిల్లలు అడుగుతారు. వాళ్లకది మామూలు ప్రశ్నే. అడగొద్దని ముందే మెల్లగా చెప్పండి. అగ్నిమాపక వారోత్సవాలు ఏప్రిల్ 14నే ఎందుకు మొదలవుతాయో మాత్రం మూడో తరగతి దాటిన పిల్లలకు చెప్పొచ్చు. 1944లో ఆ రోజున బొంబాయి విక్టోరియా డాక్‌లో పేలుడు పదార్థాలు, పత్తి బేళ్లు ఉన్న ఫోర్ట్ స్టికిన్ ఓడ అంటుకుని పేలింది. ఆర్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బంది 66 మంది ప్రాణాలు కోల్పోయారు. గోడ మీద కాలిన శరీరాల ఫొటోలు, ప్రమాద దృశ్యాలు ఉంటే చిన్నవాళ్లకు కనపడకుండా చూడమని స్టేషన్ వాళ్లను కోరండి, అర్థం చేసుకుంటారు.

స్టేషన్ చూసొచ్చాక మా పాప, ‘మన స్కూల్లో ఎర్ర సిలిండర్ ఎక్కడుంది?’ అని అడిగింది. మేం బడిని ఏం అడగొచ్చు?

అడగాల్సిన ప్రశ్న అదే, అడిగే హక్కు మీకు పూర్తిగా ఉంది. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో వంట దగ్గర పుట్టిన మంట పూరి పైకప్పును అంటుకుని, బడిలో 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ ఘటన మీద వేసిన అవినాష్ మెహరోత్రా కేసులో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్ 13న తీర్పు ఇస్తూ, చదువుకునే హక్కులో సురక్షితమైన బడిలో చదువుకునే హక్కు కూడా ఉందని చెప్పింది. ప్రభుత్వ బడైనా ప్రైవేటు బడైనా మంటలార్పే పరికరాలు పెట్టాలి, వాటిని వాడటంలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, తేలిగ్గా అంటుకునే సామగ్రి భవనంలో ఉండకూడదు, భద్రంగా లేని భవనానికి గుర్తింపు ఇవ్వకూడదు అని ఆదేశించింది.

కాబట్టి సిలిండర్ ఉందా అని మాత్రమే అడిగి ఊరుకోకండి. దాని మీద చీటీ చూడండి, చివరిసారి ఎప్పుడు పరీక్షించారో అందులో ఉంటుంది. గేజి ముల్లు పచ్చరంగులో ఉందో లేదో చూడండి. దాన్ని వాడటం ఏ టీచరుకు వచ్చో అడగండి. రెండో మెట్ల దారికి తాళం వేసి ఉందా, మధ్యాహ్న భోజనం వండే చోటుకూ తరగతి గదులకూ మధ్య ఎంత ఎడం ఉంది, కిటికీలకు తెరుచుకోని ఊచలున్నాయా అన్నవి మీ కళ్లతో చూడండి. భవనం ఎత్తు, విస్తీర్ణాన్ని బట్టి అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం అవసరం కావచ్చు. 1999 నాటి ఆంధ్రప్రదేశ్ ఫైర్ సర్వీస్ చట్టమే దీనికి ఆధారం, తెలంగాణలోనూ అదే అన్వయించుకున్నారు. బడి వాళ్లు చూపించకపోతే సమాచార హక్కు కింద జిల్లా అగ్నిమాపక అధికారి కార్యాలయంలో పది రూపాయల రుసుంతో దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. వచ్చే సమావేశం ఎజెండాలో ఈ అంశం చేర్చమని రాసివ్వండి. సందర్శనలో పరిచయమైన స్టేషన్ ఫైర్ ఆఫీసర్నే బడికి పిలిచి మాక్ డ్రిల్ చేయించమనండి. డ్రిల్ జరిగిన తేదీ, పిల్లలందరూ మైదానంలోకి రావడానికి పట్టిన సమయం రిజిస్టర్‌లో రాయించండి. మళ్లీ డ్రిల్ జరిగినప్పుడు ఆ సమయం ఎంత తగ్గిందో చూడండి.